1234567890 గుట్టుమట్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ప్రశ్నల్లో ఒకే సంఖ్య చుట్టూ తిరిగేవి ఏరి ఒకచోట పెట్టాం. 1 నుంచి 9 వరకు వరసగా రాసి చివర సున్నా పెడితే వచ్చే పదంకెల సంఖ్య అది. మన పద్ధతిలో కామాలు పెడితే 1,23,45,67,890. చదివితే నూట ఇరవై మూడు కోట్ల నలభై ఐదు లక్షల అరవై ఏడు వేల ఎనిమిది వందల తొంభై. చిన్నపిల్లలు కూడా గుక్క తిప్పుకోకుండా రాసేస్తారు గానీ, దాని కారణాంకాలేమిటని అడిగితే పెద్దవాళ్లే ఆగిపోతారు. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఈ సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టమని ఇచ్చారు. 2, 5, రెండు 3లు తీసేస్తే 13717421 మిగిలింది. 7 నుంచి మొదలుపెట్టి 100 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశాం, తెగలేదు. ఇక ఇది ప్రధాన సంఖ్యే అని రాసేయొచ్చా?
(ఖమ్మం నుంచి)

జవాబు: రాయకండి, అది ప్రధాన సంఖ్య కాదు. 100 దాకా చూసి ఆపడం చాలామంది చేసే పొరపాటే. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అని తేల్చాలంటే దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. 13717421 వర్గమూలం 3703 దాటి ఉంటుంది. 500వ ప్రధాన సంఖ్య 3571. అంటే ఐదు వందలకు పైగా భాగహారాలు. చేత్తో చేసేవాళ్లు మధ్యలోనే విసిగిపోతారు.

ఇలాంటి చోట 17వ శతాబ్దపు ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా చూపిన దారి పట్టుకోండి. ఒక బేసి సంఖ్య రెండు కారణాంకాల లబ్ధమైతే, ఆ రెంటి సగటు వర్గంలోంచి వాటి తేడాలో సగం వర్గం తీసేస్తే అదే సంఖ్య వస్తుంది. కాబట్టి వర్గమూలం కన్నా కాస్త పెద్ద పూర్ణసంఖ్య తీసుకుని, దాని వర్గంలోంచి మన సంఖ్యను తీసేసి, మిగిలింది వర్గ సంఖ్య అవుతుందేమో చూడాలి. కాకపోతే ఒకటి పెంచి మళ్లీ చూడాలి.

ఇక్కడ 3704తో మొదలుపెట్టాలి. 3704 వర్గం 13719616. అందులోంచి 13717421 తీసేస్తే 2195. ఇది వర్గం కాదని చూడగానే చెప్పొచ్చు: చివర 5 ఉన్న వర్గ సంఖ్య ఏదైనా 25తోనే ముగుస్తుంది, ఇది 95తో ముగిసింది. ఇప్పుడు 3705. దాని వర్గం 13727025. తీసివేస్తే 9604. ఇది 98 వర్గం. పని అయిపోయింది: 3705లోంచి 98 తీసేస్తే 3607, కలిపితే 3803. ఐదు వందల భాగహారాలు చేయాల్సిన చోట రెండు తీసివేతలతో తేలింది.

ఈ రెండూ మళ్లీ విడిపోతాయా అన్నది విడిగా చూడాలి, ఈ మెట్టు దాటేయకండి. 3607కి 59 దాకా, 3803కి 61 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు చాలు. 3607ను 7తో భాగిస్తే శేషం 2, 11తో 10, 13తో 6, 17తో 3. అలా 59 దాకా వెళ్తే అక్కడ శేషం 8. ఎక్కడా సున్నా రాదు. 3803కి కూడా అంతే, చివరిదైన 61తో శేషం 21. రెండూ ప్రధాన సంఖ్యలే. కాబట్టి

1234567890 = 2 × 3² × 5 × 3607 × 3803.

అయితే ఈ పద్ధతి అన్నిచోట్లా ఇంత సులువుగా పనిచేయదు. ఇక్కడ రెండు కారణాంకాలూ దగ్గరదగ్గరగా ఉండబట్టి వెంటనే దొరికాయి. తిరగేసిన సంఖ్య 987654321 తీసుకోండి. అందులోంచి రెండు 3లు, తర్వాత 17 రెండుసార్లు పోతే 379721 మిగులుతుంది. ఇది ప్రధాన సంఖ్య. దీని మీద ఫెర్మా పద్ధతి పెడితే 617 దగ్గర మొదలై 189861 దాకా, అంటే లక్షా ఎనభై తొమ్మిది వేలకు పైగా మెట్లు నడవాలి. మామూలు భాగహారమైతే 613 దాకా ఉన్న 112 ప్రధాన సంఖ్యలతో తేలిపోతుంది. అందుకే మా సలహా: ముందు 100 లోపు ప్రధాన సంఖ్యలతో భాగించండి, తర్వాత ఫెర్మా పద్ధతిలో ఓ పది ఇరవై మెట్లు చూడండి, అప్పటికీ దొరక్కపోతే మళ్లీ భాగహారానికే రండి.

ప్రశ్న: పై సంఖ్యకు భాజకాలు ఎన్ని? ప్రధాన కారణాంకాలు ఐదు రకాలు కదా, ఒక్కోటి ఉండటం, లేకపోవడం అని రెండు వీలుంటాయి కాబట్టి 32 అని నేనంటాను. మా తమ్ముడు 48 అంటాడు.
(తెనాలి నుంచి)

జవాబు: మీ తమ్ముడిదే సరైన లెక్క. మీరు వదిలేసింది 3 మీదున్న వర్గాన్ని. 3 అసలు లేకపోవచ్చు, ఒకసారి ఉండొచ్చు, రెండుసార్లు ఉండొచ్చు: మూడు అవకాశాలు. కాబట్టి 2 × 3 × 2 × 2 × 2 = 48.

నమ్మకం కుదరాలంటే జాబితా రాసేయండి, కష్టమేం కాదు. 90కి భాజకాలు పన్నెండు: 1, 2, 3, 5, 6, 9, 10, 15, 18, 30, 45, 90. వీటిని అలాగే ఒకసారి, 3607తో గుణించి ఒకసారి, 3803తో గుణించి ఒకసారి, 13717421తో గుణించి ఒకసారి రాస్తే నాలుగు వరసలు, మొత్తం 48. ఇలా రాస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 90 తర్వాత వచ్చే భాజకం ఏకంగా 3607. మధ్యలో ఒక్కటి కూడా లేదు. మరోపక్క సరిగ్గా నడిమధ్యన రెండు భాజకాలు దాదాపు పక్కపక్కనే కూర్చున్నాయి: 34227, 36070. ఒకటి 9 × 3803, రెండోది 10 × 3607. వాటి లబ్ధమే మన సంఖ్య. ఇన్ని చుక్కల్ని దీర్ఘచతురస్రంగా పేర్చమంటే, చతురస్రానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఈ కొలతలతోనే.

భాజకాలన్నిటి మొత్తం కావాలంటే 48 సంఖ్యలూ కూడక్కర్లేదు. (1+2) × (1+3+9) × (1+5) × (1+3607) × (1+3803) చేస్తే చాలు: 3 × 13 × 6 × 3608 × 3804 = 3211610688. ఇందులోంచి సంఖ్యను తీసేసినా 1977042798 మిగులుతుంది. అంటే తనను మినహాయించి మిగతా భాజకాల మొత్తం ఆ సంఖ్య కన్నా పెద్దది.

ప్రశ్న: 1234567890, 9876543210ల గ.సా.భా. ఎంత? రెంటినీ విడగొట్టకుండా చెప్పొచ్చా?
(నిజామాబాద్ నుంచి)

జవాబు: 90. పెద్దదాన్ని చిన్నదానితో భాగించండి: 1234567890 × 8 = 9876543120, శేషం 90. ఆ 90 చిన్న సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుంది. ఒక్క భాగహారంతో సరి.

ప్రశ్న: పది అంకెలూ ఒక్కోసారి మాత్రమే వచ్చే ప్రధాన సంఖ్య ఉందా? ప్రోగ్రాం రాసి వెతకబోతున్నాను.
(హైదరాబాద్ నుంచి)

జవాబు: ప్రోగ్రాం రాయకండి, లేదు. 0 నుంచి 9 దాకా కూడితే 45. అంకెల్ని ఎలా తారుమారు చేసినా మొత్తం 45 మారదు, కాబట్టి సంఖ్య ఎప్పుడూ 9తో తెగుతుంది. మొదట సున్నా రాకూడదనుకుంటే ఇలాంటి పదంకెల సంఖ్యలు 32,65,920 ఉన్నాయి. అందులో ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాదు.

అంకెల మొత్తం 9తో తెగితే సంఖ్య ఎందుకు తెగుతుందో పిల్లలకు చెప్పకుండా సూత్రం మాత్రమే బట్టీ వేయిస్తుంటారు. అది బాధాకరం, ఎందుకంటే కారణం రెండు వాక్యాలే. 10, 100, 1000 ఏది తీసుకున్నా 9, 99, 999 కన్నా ఒకటి ఎక్కువ. అందుకే 9తో భాగించినప్పుడు ప్రతి అంకె, అది ఏ స్థానంలో ఉన్నా, తనంత శేషాన్నే మిగులుస్తుంది.

మీకు వెతకాలని అంత ఆసక్తి ఉంటే 1 నుంచి 7 దాకా అంకెలతో వెతకండి. వాటి మొత్తం 28, 3తో తెగదు. ఆ ఏడంకెల్లో దొరికే అతి పెద్ద ప్రధాన సంఖ్య 7652413. 1 నుంచి 8 దాకా అంకెల మొత్తం 36, 9 దాకా అయితే 45, కాబట్టి అక్కడ ఆశ లేదు. ఇంకొకటి: మన సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చే 1234567891 ప్రధాన సంఖ్యే. అందులో 1 రెండుసార్లు వచ్చింది, సున్నా లేదు, అందుకే 45 లెక్క దాన్ని పట్టుకోలేదు. చేత్తో రుజువు చేయాలంటే 35136 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ చూడాలి. ఇక్కడ ప్రోగ్రాం రాయడం సబబే.

ప్రశ్న: 123456789 వర్గం ఎక్సెల్‌లో చేస్తే 15241578750190500 వచ్చింది. పైథాన్‌లో చివర 521 వచ్చింది. ఏది నమ్మాలి? చేత్తో సరిచూసే దారి ఉందా?
(విశాఖపట్నం నుంచి)

జవాబు: 15241578750190521 సరైనది. ఎక్సెల్ ఒక సంఖ్యలో ఎడమ నుంచి 15 అంకెలే ఉంచుకుంటుంది. మిగతా స్థానాల్లో సున్నాలు పెడుతుంది. ఈ జవాబులో 17 అంకెలున్నాయి కాబట్టి చివరి రెండూ పోయాయి. పైథాన్‌లో పూర్ణసంఖ్యలకు అలాంటి హద్దు లేదు. అయితే పైథాన్‌లోనే మీరు 123456789.0 అని దశాంశ బిందువుతో రాస్తే చివర 520 వస్తుంది. 9007199254740992 దాటాక అలాంటి దశాంశ రూపంలో బేసి సంఖ్యలకు చోటుండదు, పక్కనున్న సరి సంఖ్యకు జరిగిపోతుంది.

చేత్తో చేయడానికి సంఖ్యను 123456 వేలు, 789 అని రెండు ముక్కలు చేయండి. 123456 వర్గం 15241383936, దాని వెనక ఆరు సున్నాలు. 2 × 123456 × 789 = 194813568, దాని వెనక మూడు సున్నాలు. 789 వర్గం 622521. మూడూ సున్నాలు తప్పకుండా ఒకదాని కింద ఒకటి రాసి కూడండి. తప్పు జరిగేది దాదాపు ఎప్పుడూ ఇక్కడే, మధ్య ముక్క ఒక స్థానం పక్కకు జరగడం వల్ల.

ఇక సరిచూడటం. 123456789 అంకెల మొత్తం 45, అది 9తో తెగుతుంది. కాబట్టి వర్గం కూడా తెగాలి. చివర 521 ఉన్న జవాబులో అంకెల మొత్తం 63, తెగింది. 500 ఉన్నదానిలో 60, 520 ఉన్నదానిలో 62. రెండూ తెగలేదు, రెండూ తప్పు. కాలిక్యులేటర్ పక్కన పెట్టి అర నిమిషంలో తేల్చొచ్చు.

కానీ 9 పరీక్ష ఒక తప్పును పట్టలేదు: అంకెలు తారుమారైతే. 521 బదులు 512 అని రాసినా మొత్తం 63 కాబట్టి మోసపోతాం. అందుకే 11 పరీక్ష కూడా చేయండి. కుడి నుంచి ఒక అంకె కలుపుతూ, తర్వాతది తీసేస్తూ రావాలి. 123456789కి 9−8+7−6+5−4+3−2+1 = 5. దాని వర్గం 25, 11తో భాగిస్తే శేషం 3. జవాబుకి కూడా కుడి నుంచి అలాగే చేస్తే 3 రావాలి. 521తో ముగిసేదానికి 3 వస్తుంది, 512తో ముగిసేదానికి 5 వస్తుంది. దొంగ దొరికాడు.

ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు ఒక మాట. 16 అంకెల డెబిట్ కార్డు నంబర్లు ఎక్సెల్‌లో మామూలుగా కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. ఫైలు సేవ్ చేశాక ఆ అంకెను తిరిగి రాబట్టే మార్గం లేదు. నంబరు కొట్టక ముందే ఆ గడిని టెక్స్ట్‌గా మార్చండి, లేదా ముందు ఒక కొటేషన్ గుర్తు (') పెట్టి కొట్టండి. తర్వాత మారిస్తే లాభం లేదు. 12 అంకెల ఆధార్ నంబరుకు ఈ ముప్పు లేదు గానీ, అది అంకెలకు బదులు 1.23457E+11 తరహాలో కనిపించి కంగారు పెట్టొచ్చు. అప్పుడు గడి ఫార్మాట్ మారిస్తే చాలు, అంకెలు లోపల భద్రంగానే ఉంటాయి.

ప్రశ్న: 27994681ని 441తో గుణిస్తే 12345654321 వస్తుందని పాత గణిత గ్రంథాల్లో ఉందట. అంత విడ్డూరమైన గుణకారం వాళ్లకు ఎలా తట్టింది?
(రాజమహేంద్రవరం నుంచి)

జవాబు: ఇది 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలోది. ఆ గ్రంథాన్నే తర్వాత పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఒకటి నుంచి ఆరు దాకా వరసగా పెరిగి, మళ్లీ వరసగా తగ్గే సంఖ్య అని మహావీరుడు ఈ జవాబును వర్ణించాడు. ఎటు నుంచి చదివినా ఒకటే.

గుణకారం వెనకున్న కిటుకు 111111. దాని వర్గమే 12345654321. ఆరు ఒకట్లను ఒక్కో స్థానం జరుపుతూ ఆరు వరసలు రాసి కూడితే నిలువు వరసల్లో 1, 2, 3 అంటూ 6 దాకా పెరిగి తగ్గడం కళ్లకు కనిపిస్తుంది. ఇప్పుడు 111111ని విడగొట్టండి: 3 × 7 × 11 × 13 × 37. ఇందులో 3, 7 ఒకవైపు పెడితే 21, దాని వర్గం 441. మిగిలిన మూడింటి లబ్ధం 5291, దాని వర్గం 27994681. వర్గాన్ని రెండు వర్గాలుగా చీల్చి, చూసేవాడికి ఆనవాలు దొరకకుండా చేశారు. ఎంత అందమైన పని!

ఈ అమరిక తొమ్మిది ఒకట్ల దాకా నిలుస్తుంది: 12345678987654321. పది ఒకట్లు తీసుకుంటే మధ్య నిలువు వరసలో 10 వచ్చి, ఒకటి ఎడమకు వెళ్తుంది. అక్కడున్న 9 పదై, మళ్లీ ఒకటి 8 మీదకు వెళ్లి దాన్ని 9 చేస్తుంది. జవాబు 1234567900987654321. అందులో ఎడమవైపు 7 పక్కన 8 లేదు, 9 ఉంది. 12345679 × 9 = 111111111 అన్న లెక్కలో 8 ఎందుకు కనిపించదని చాలామంది అడుగుతుంటారు. అక్కడా ఇదే కారణం. ఒకటిని 81తో భాగిస్తే 0.012345679012345679... అని వస్తుంది, 8 మీదకు వచ్చిన ఆ ఒకటే దాన్ని మాయం చేస్తుంది.

ప్రశ్న: ఒక పజిల్. పది అంకెలూ ఒక్కోసారి వాడాలి. మొదటి రెండంకెల సంఖ్య 2తో, మొదటి మూడంకెలది 3తో, అలా మొత్తం పదంకెలది 10తో తెగాలి. 1234567890 నాలుగో అంకె దగ్గరే ఓడిపోయింది, 1234ని 4 భాగించదు. కుదిరే సంఖ్య ఉందా?
(నెల్లూరు నుంచి)

జవాబు: ఉంది, ఒకే ఒక్కటి. గుడ్డిగా వెతకనవసరం లేదు, కాగితం మీద పది సంఖ్యలకు కుదించొచ్చు.

పదో అంకె 0. ఐదో అంకె 5 (0 అయిపోయింది కాబట్టి). రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది స్థానాల్లో సరి అంకెలు రావాలి, అవి 2, 4, 6, 8. మిగతా స్థానాలకు 1, 3, 7, 9.

మూడో అంకె బేసి. మూడు, నాలుగు అంకెల జంట 4తో తెగాలంటే నాలుగో అంకె 2 గానీ 6 గానీ అవ్వాలి. ఆరో అంకె సరి కాబట్టి దాని వందలు 8తో ఎలాగూ తెగుతాయి. కాబట్టి ఏడు, ఎనిమిది అంకెల జంట 8తో తెగితే చాలు: 16, 32, 72, 96 మాత్రమే. అంటే ఎనిమిదో అంకె కూడా 2 లేదా 6. అలా 4, 8 రెండో, ఆరో స్థానాలకు మిగిలాయి.

మొదటి మూడంకెల మొత్తం 3తో తెగాలి, మొదటి ఆరింటిదీ తెగాలి. కాబట్టి నాలుగు, ఐదు, ఆరు అంకెల మొత్తం కూడా 3తో తెగాలి. 2, 5, 8 గానీ, 6, 5, 4 గానీ కుదురుతాయి. మొదటి దారిలో 1472589..., 7412589... రెండే వస్తాయి. రెండో దారిలో ఎనిమిది: 1896543, 9816543, 7896543, 9876543, 1836547, 3816547, 1896547, 9816547. ఇక్కడి దాకా మేం 7 జోలికి పోలేదు, ఎందుకంటే 7కి సులువైన సూత్రం లేదు. ఇప్పుడు ఈ పదింటినీ 7తో భాగించండి. 3816547 ఒక్కటే తెగుతుంది, భాగఫలం 545221. తర్వాత 2, మిగిలిన 9, 0 వేస్తే 3816547290. తొమ్మిదంకెల మొత్తం 45 కాబట్టి 9 పరీక్ష దానంతటదే నెగ్గుతుంది.

వరస మార్చి 7తో మొదలుపెట్టినవాళ్లకు ఈ పజిల్ గంటలు పడుతుంది. ఎక్కువ మందిని తోసేసే షరతును ముందు వాడండి.

ప్రశ్న: 1234567890 వర్గ సంఖ్యా?
(అనంతపురం నుంచి)

జవాబు: కాదు. చివర ఒక్క సున్నాయే ఉంది, వర్గానికి సున్నాలు జతలుగా రావాలి. ఇవే పది అంకెల్ని మార్చి పేరిస్తే మాత్రం 87 వర్గ సంఖ్యలు దొరుకుతాయి. అతి చిన్నది 1026753849, అది 32043 వర్గం. అతి పెద్దది 9814072356, అది 99066 వర్గం. అంకెల మొత్తం 45 కాబట్టి ఇవన్నీ 9తో తెగుతాయి, అందుకే వెతికేవాళ్లు 3తో తెగే సంఖ్యల వర్గాలు మాత్రమే చూస్తే మూడింట రెండు వంతుల పని తగ్గుతుంది.